కాన్ఫిగ్ ఫైల్లో తప్పు దొర్లితే ప్రోగ్రామ్ ఏం చేయాలి? రొయ్యల గుంట కంప్యూటర్‌కు పనికొచ్చే పద్ధతి

కాన్ఫిగ్ ఫైల్లో, అంటే ప్రోగ్రామ్ సెట్టింగులు రాసిపెట్టే ఫైల్లో, తప్పు దొర్లిన రోజునే బయటపడితే పెద్ద బాధ లేదు. చాలా ప్రోగ్రాములు ఆ ఫైలును మొదలయ్యేటప్పుడు ఒక్కసారే చదువుతాయి, చిక్కంతా అక్కడే ఉంది. ఒక మధ్యాహ్నం ఎవరో ఒక అంకె మార్చి సేవ్ చేస్తారు. నడుస్తున్న ప్రోగ్రాముకు ఆ సంగతే తెలియదు. పది రోజుల తర్వాత రాత్రి మూడింటికి కరెంటు పోయి వస్తుంది. కంప్యూటర్ మళ్లీ లేస్తుంది, ప్రోగ్రామ్ ఆ ఫైలు తెరుస్తుంది, అక్కడే పడిపోతుంది. అంకె మార్చిన మనిషి అప్పుడు ఇంట్లో నిద్రపోతుంటాడు. గట్టు మీద ఉన్నది కాపలా మనిషి ఒక్కడే.

ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు గానీ, ప్రకాశం జిల్లాలో సింగరాయకొండ, కొత్తపట్నం వైపు గానీ రొయ్యలు పెంచేవాళ్లకు ఆ వేళ ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అంటే డీవో, తెల్లవారుజామున అన్ని వేళలకన్నా కిందికి పడుతుంది. పగలు ఆక్సిజన్ ఇచ్చే పాచే రాత్రంతా దాన్ని తీసుకుంటుంది. ఇక్కడ పెంచే వనామీ రకం రొయ్యకు లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోవాలంటారు. డీవో చదివి ఏరియేటర్లను, అంటే నీళ్లలో గాలి కలిపే యంత్రాలను, ఆన్, ఆఫ్ చేసే ప్రోగ్రామ్ సరిగ్గా ఆ వేళకే లేవకపోతే నెలల తరబడి పోసిన మేత, పెట్టిన పెట్టుబడి గుంటలోనే పోతాయి.

నెల్లూరులోనో ఒంగోలులోనో కూర్చుని ఇలాంటి ప్రోగ్రాములు రాస్తున్న కుర్రకారు కోసం ఇది రాస్తున్నాను. ఉదాహరణకు పైథాన్ భాష, టామల్ అనే రకం సెట్టింగుల ఫైలు తీసుకున్నాను, కానీ పద్ధతి ఏ భాషలోనైనా ఇదే. అసలు ఫైల్లో పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటాయి. చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను. డీవో ఆన్_డీవో కన్నా తగ్గితే ఏరియేటర్ ఆన్ కావాలి, ఆఫ్_డీవోకు చేరితే ఆగాలి. రిలే అంటే కంప్యూటర్ చెప్పినట్టు ఏరియేటర్‌ను ఆన్, ఆఫ్ చేసే స్విచ్, అక్కడున్నది దాని నంబరు. లాగ్_స్థాయి అంటే ప్రోగ్రామ్ తన పనుల చిట్టా, అంటే లాగ్, ఎంత వివరంగా రాయాలన్నది.

[గుంట_1]
పేరు = "తూర్పు గుంట"
ఆన్_డీవో = 4.5
ఆఫ్_డీవో = 6.0
రిలే = 3
మేత_వేళలు = ["06:00", "10:00", "14:00", "18:00"]

[కబురు]
ఫోన్లు = ["యజమాని నంబరు", "కాపలా మనిషి నంబరు"]
లాగ్_స్థాయి = "మామూలు"

మొదటి పని: కోడు కన్నా ముందు కాగితం

ఒక కాగితం తీసుకుని ప్రతి సెట్టింగుకూ ఎదురుగా ఇవి రాయండి: అది అంకెనా మాటనా, ఏ కొలతలో ఉంటుంది, ఎంత నుంచి ఎంత లోపు ఉండాలి, అసలు రాయకపోతే ఏం చేయాలి, తప్పుగా రాస్తే ఏం చేయాలి. చివరి రెండు ప్రశ్నలూ ఒకటి కావు. వాటిని కలిపేయడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది.

లాగ్_స్థాయి రాయలేదంటే "నాకు ఏదైనా ఫరవాలేదు" అని అర్థం. మామూలు స్థాయి పెట్టుకుని ముందుకు పోవచ్చు. కానీ ఆన్_డీవో ఎదురుగా "4.ఓ" అని సున్నాకు బదులు అక్షరం పడిందనుకోండి. ఆ మనిషికి ఒక ఉద్దేశం ఉంది, ఏదో అంకె ఇవ్వబోయాడు. దాన్ని పట్టించుకోకుండా మీ డీఫాల్టు (ఏమీ రాయనప్పుడు ప్రోగ్రామ్ వాడుకునే విలువ) పెట్టి నడిపేస్తే అతని మాటను తీసి పక్కన పడేసినట్టే, పైగా ఆ సంగతి అతనికి చెప్పనుకూడా లేదు. రాయనిదానికి డీఫాల్టు ఇవ్వొచ్చు. రాసి తప్పిందానికి చెప్పకుండా డీఫాల్టు ఇవ్వకూడదు.

రాయకపోయినా డీఫాల్టు ఇవ్వకూడనివి కొన్ని ఉంటాయి. ఏ గుంట ఏరియేటర్ ఏ రిలే మీద ఉందో మీరు ఊహించలేరు. కబురు పంపాల్సిన ఫోను నంబరూ అంతే. వీటికి కాగితం మీద "ఆపాలి" అని రాయండి.

రెండో పని: ఫైలు దాకా చేరడం

ఫైలు చదవడం ఒకే అడుగులా కనిపిస్తుంది గానీ అందులో నాలుగు దశలున్నాయి: ఫైలు దొరకడం, అక్షరాలు అర్థం కావడం, వాక్యనిర్మాణం కుదరడం, విలువలు సరిపోవడం. నాలుగింటికీ వేర్వేరు సందేశాలు కావాలి. మొత్తాన్ని ఒకే ట్రైలో చుట్టి, ఏ ఎర్రర్ వచ్చినా "కాన్ఫిగ్ చదవలేకపోయాం" అని ముద్రిస్తే చదివినవాడికి ఒరిగేదేమీ లేదు.

ఫైలు దొరకకపోతే మీరు వెతికిన పూర్తి దారిని చూపించండి. మీ ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్‌లోకి వెళ్లి నడిపినప్పుడు "సెట్టింగులు.టామల్" అన్న చిన్న పేరే చాలుతుంది. అదే ప్రోగ్రామ్ సర్వీసుగా లేచినప్పుడు వేరే ఫోల్డర్ నుంచి వెతుకుతుంది, దొరకదు. ఫైలు ఉండీ చదివే అనుమతి లేకపోవడం వేరే తప్పు, దాన్ని వేరుగా చెప్పండి.

ఖాళీ ఫైలు సంగతి కాస్త నిదానంగా చూడాలి. మన దగ్గర ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, తుపాన్ల వేళ కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో మీకు తెలుసు. ఫైలు సేవ్ అవుతున్న క్షణంలో కరెంటు పోతే సున్నా బైట్ల ఫైలు మిగలొచ్చు. ఇలాంటి సెట్టింగులకే వాడే మరో ఫైలు రకం జేసన్ అయితే ఖాళీ ఫైలును తప్పంటుంది. ఇంకో రకం, యామల్, "ఏమీ లేదు" అని ఇస్తుంది. టామల్ లెక్కలో మాత్రం ఖాళీ ఫైలు నూటికి నూరుపాళ్లు సరైన ఫైలు! చదివితే ఖాళీ డిక్షనరీ వస్తుంది, ఎర్రర్ రాదు. అన్నిటికీ డీఫాల్టులు ఇచ్చి ఉంటే ప్రోగ్రామ్ కిక్కురుమనకుండా, ఒక్క గుంట కూడా లేకుండా నడుస్తూ ఉంటుంది. అందుకని ఫైలు పరిమాణం సున్నా అయినా, ఒక్క గుంట విభాగం కూడా లేకపోయినా అది తప్పే అని మీ కోడులో మీరే రాసుకోవాలి.

అక్షరాల దశలో రెండు పాత శత్రువులున్నాయి. ఒకటి ఫైలు మొదట్లో కంటికి కనపడని మూడు బైట్ల గుర్తు. పాత విండోస్ నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8 అని సేవ్ చేస్తే ఇది చేరుతుంది. పైథాన్‌లో "యూటీఎఫ్-8-సిగ్" అన్న ఎన్‌కోడింగ్‌తో తెరిస్తే ఆ గుర్తు ఉన్నా లేకున్నా చదువుకుంటుంది. రెండోది వంపు కొటేషన్లు. ఫైలులోని ముక్కను ఎవరో వర్డ్‌లో అతికించో, ఐఫోన్‌లో టైపు చేసో పంపుతారు. నిటారు కొటేషన్లు వంపు తిరిగిపోతాయి. చూడ్డానికి ఫైలు చక్కగానే ఉంటుంది, ఫైలును విడదీసి చదివే పార్సర్ ఒప్పుకోదు. ఫైల్లో వంపు కొటేషన్ కనిపిస్తే "7వ వరుసలో వంకర కొటేషన్ ఉంది, కీబోర్డు మీది మామూలు కొటేషన్ పెట్టండి" అని చెప్పడానికి మీకు నాలుగు వరుసల కోడు చాలు. గుంట పేర్లు తెలుగులో పెట్టేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. తెలుగు టైపింగులో కనపడని విడదీత అక్షరం చేరుతుంటుంది. కంటికి ఒకేలా ఉన్న రెండు పేర్లు కంప్యూటర్‌కు వేర్వేరుగా ఉంటాయి, కాబట్టి పోల్చే ముందు దాన్ని తీసేయండి.

వాక్యనిర్మాణం తప్పితే పార్సరే వరుస నంబరు ఇస్తుంది. పైథాన్ 3.11 నుంచి వచ్చిన టామల్ లైబ్రరీ గానీ, జేసన్ లైబ్రరీ గానీ వరుసనూ, ఎన్నో అక్షరమన్నదీ చెబుతాయి. దాన్ని మింగేయకండి. ఆ నంబరుతో పాటు ఆ వరుసను కూడా యథాతథంగా చూపించండి.

మూడో పని: విలువలు నిలబెట్టి అడగడం

ఫైలు పార్స్ అయినంత మాత్రాన అందులోని విలువలు సరైనవని కాదు. ఈ దశకే ఎక్కువ సమయం కేటాయించండి.

యామల్ వాడేవాళ్లకు మేత వేళలే మంచి పాఠం. పైథాన్‌లో ఎక్కువమంది వాడే యామల్ లైబ్రరీ 1.1 నియమాలను పాటిస్తుంది. కొటేషన్లు లేకుండా 10:00 అని రాస్తే దాన్ని అరవైల లెక్క అనుకుని 600 అనే అంకెగా మారుస్తుంది. అదే 06:00 అయితే సున్నాతో మొదలైంది కాబట్టి మాటగానే ఉంచుతుంది. అంటే పొద్దుటి మేత సరిగ్గా పడి, పదింటి మేత దగ్గర ప్రోగ్రామ్ తడబడుతుంది. ఒకే జాబితాలో రెండు రకాల విలువలు! "నో" అన్న ఇంగ్లిషు మాట కూడా అక్కడ "కాదు" అన్న బూలియన్ (అవును, కాదు అని మాత్రమే చెప్పే విలువ) అయిపోతుంది. వచ్చిన విలువ ఏ రకమో అడగకుండా వాడుకోవద్దు. నా మాట వింటే మనుషులు చేత్తో దిద్దే ఫైళ్లకు టామల్ మేలు. జేసన్‌లో వ్యాఖ్య రాసుకునే చోటే లేదు, చివర ఒక కామా ఎక్కువైనా ఒప్పుకోదు.

పైథాన్‌లో "అవును" అన్న బూలియన్ కూడా పూర్ణాంకమే అన్న లెక్క. రిలే = ట్రూ అని పడితే అంకెనా అన్న పరీక్ష దాటేసి 1వ రిలే అయి కూర్చుంటుంది. బూలియన్‌ను ముందే వేరు చేయండి.

ఇంకొకటి "నాన్", అంటే "ఇది అంకె కాదు" అని చెప్పే విలువ. సెన్సర్ తీగ ఊడి ఉన్నప్పుడు క్యాలిబ్రేషన్ చేసే ఉపకరణం ఏదైనా ఫైల్లో ఈ విలువ రాసిపెట్టొచ్చు. టామల్ దాన్ని దశాంశ సంఖ్యగా ఒప్పుకుంటుంది. "4 కన్నా తక్కువైనా, 8 కన్నా ఎక్కువైనా తప్పు" అని మీరు రాస్తే నాన్ దర్జాగా లోపలికి వస్తుంది, ఎందుకంటే దాంతో చేసే ఎక్కువ, తక్కువ పోలిక దేనికైనా జవాబు "కాదు" అనే. పరీక్షను తిప్పి రాయండి: "4కూ 8కీ మధ్య ఉంటేనే సరి, లేకపోతే తప్పు." అప్పుడు నాన్ గడప దాటదు.

హద్దులు పెట్టేటప్పుడు రెండు వైపుల తప్పూ ఒకే ఖరీదు అనుకోకండి. 4.5కు బదులు 45 పడితే ఏరియేటర్లు ఆగకుండా తిరుగుతాయి, కరెంటు బిల్లు పెరుగుతుంది. 0.45 పడితే ఏరియేటర్ ఎప్పటికీ ఆన్ కాదు. ఆ తప్పుకు పంటే మూల్యం. కింది హద్దును బిగించి పెట్టండి.

తర్వాత ఒకదానితో ఒకటి పోల్చాల్సినవి. ఆఫ్_డీవో ఎప్పుడూ ఆన్_డీవో కన్నా ఎక్కువే ఉండాలి. రెండూ సమానమైతే మోటారు నిమిషానికోసారి ఆగి లేస్తూ కాయిల్ కాలిపోతుంది. రెండు గుంటలకు ఒకే రిలే ఇవ్వకూడదు. పాత విభాగాన్ని కాపీ చేసి కొత్త గుంట చేర్చేటప్పుడు రిలే నంబరు మార్చడం మరిచిపోవడం మామూలే.

తెలియని పేర్లను కూడా వదిలేయకండి. "ఆన్_డీవో" బదులు "ఆన్_డివో" అని పడితే, తెలియని పేరును పట్టించుకోని ప్రోగ్రామ్ అసలు సెట్టింగు రాయలేదనుకుంటుంది. పైథాన్‌లో దగ్గరి పోలిక ఉన్న మాటలు వెతికే లైబ్రరీ, డిఫ్‌లిబ్, చేతిలోనే ఉంది. "ఆన్_డివో అన్నది తెలియదు, ఆన్_డీవో అనబోయారా?" అని అడగండి.

ఇక్కడ ఒక్క నియమం గట్టిగా పెట్టుకోండి: మొదటి తప్పు దగ్గరే ఆగొద్దు. తప్పులన్నీ ఒక జాబితాలో పోగు చేసి చివర ఒకేసారి చెప్పండి. ఒక్కో తప్పూ దిద్ది, మళ్లీ మొదలుపెట్టి, ఇంకోటి చూసి, మళ్లీ దిద్దడం అంటే అర్ధరాత్రి మనిషి ఓపికను పరీక్షించడమే.

నాలుగో పని: చదివేవాడు ఎవరో తలచుకుని సందేశం రాయడం

పైథాన్ ట్రేస్‌బ్యాక్, అంటే ఎర్రర్ కోడులో ఎక్కడ వచ్చిందో చూపే జాబితా, మీ కోసం. దాన్ని లాగ్ ఫైల్లోకి పంపండి. తెర మీదికి రావాల్సింది ఇలా ఉండాలి:

సెట్టింగుల ఫైల్లో 2 తప్పులున్నాయి.
ఫైలు: /ఈటీసీ/గుంట/సెట్టింగులు.టామల్
1. తూర్పు గుంట, ఆన్_డీవో: 45 అని ఉంది. 4 నుంచి 8 లోపు ఉండాలి.
2. పడమర గుంట, రిలే: 3 అని ఉంది. ఆ రిలే ఇప్పటికే తూర్పు గుంటకు ఇచ్చారు.
ఇప్పుడు ఏరియేటర్లన్నీ ఆన్‌లోనే ఉన్నాయి. ఫైలు దిద్దాక మళ్లీ మొదలుపెట్టండి.

ఎక్కడ, ఏం కనిపించింది, ఏం ఉండాలి, ప్రస్తుతం యంత్రం ఏ స్థితిలో ఉంది. చివరి వాక్యం చాలామంది రాయరు. కాపలా మనిషికి మాత్రం అన్నిటికన్నా ముందు కావాల్సింది అదే. వరుస నంబరు ఇవ్వలేదేమంటే, ఆ టామల్ లైబ్రరీ పార్స్ అయ్యాక ఏ విలువ ఏ వరుసలో ఉండేదో గుర్తుంచుకోదు. విభాగం పేరు, సెట్టింగు పేరు ఇస్తే వెతుక్కోవడం కష్టం కాదు.

లాగ్ ఎక్కడ రాయాలన్నది కూడా ఈ ఫైల్లోనే ఉంటే, ఫైలు చదవకముందు లాగర్ సిద్ధంగా ఉండదు. కాబట్టి మొదలయ్యే దశలోని సందేశాలన్నీ నేరుగా స్టాండర్డ్ ఎర్రర్‌కు పంపండి. కనిపించిన విలువను చూపించమన్నాను గానీ, పాస్‌వర్డ్, ఎస్సెమ్మెస్ సేవ రహస్య సంకేతం లాంటివి తప్పయినా తెర మీద పెట్టకండి. "ఖాళీగా ఉంది", "పొడవు సరిపోలేదు" అంటే చాలు.

ఐదో పని: తప్పు రాతనూ, ఇంకా రాని వస్తువునూ వేరు చేయడం

కరెంటు వచ్చాక కంప్యూటర్ ముందు లేస్తుంది, నెట్ మోడెమ్ తర్వాత లేస్తుంది. ఆ మధ్యలో సర్వర్ దొరకలేదని "సెట్టింగు తప్పు" అనకండి. పేరు రాత సరిగ్గా ఉందా అన్నది మాత్రమే కాన్ఫిగ్ పరీక్ష. అవతలివైపు పలుకుతోందా అన్నది కాసేపు ఆగి మళ్లీ మళ్లీ ప్రయత్నించాల్సిన పని.

ఈ తేడాను లినక్స్‌కు కూడా చెప్పాలి. కాన్ఫిగ్ తప్పుకు యూనిక్స్ సంప్రదాయంలో 78 అనే ఎగ్జిట్ కోడు, అంటే ప్రోగ్రామ్ ఆగిపోతూ కారణం చెప్పే అంకె, ఉంది. లినక్స్‌లో సర్వీసులను లేపి నడిపే సిస్టమ్‌డీకి ఇచ్చే సర్వీసు ఫైల్లో రీస్టార్ట్‌ను ఆన్-ఫెయిల్యూర్‌గా పెట్టి, రీస్టార్ట్-ప్రివెంట్-ఎగ్జిట్-స్టేటస్ దగ్గర 78 ఇవ్వండి. సెన్సర్ వల్ల పడిపోతే మళ్లీ లేపుతుంది, ఫైలు తప్పయితే ఊరికే లేపదు. ఇది పెట్టకపోతే ఏమవుతుంది? మామూలుగా 10 సెకన్లలో 5 సార్లకు మించి మొదలైతే సిస్టమ్‌డీ ఆపేస్తుంది. కానీ మీరు రీస్టార్ట్ మధ్య 5 సెకన్ల విరామం పెట్టుంటే ఆ హద్దుకు ఎప్పటికీ చేరదు. తెల్లవార్లూ లేస్తూ పడుతూ, లాగ్ నింపుతూ ఉంటుంది.

ఆరో పని: లేవలేకపోతే ఏమిటి?

తప్పు కనపడగానే ఆగిపోవడమే సరైన పద్ధతని చాలాచోట్ల చదువుతారు. బిల్లులు వేసే ప్రోగ్రాముకు అది నిజం. చీమకుర్తిలో గ్రానైట్ లారీలను తూచే కాటా దగ్గర ప్రోగ్రామ్ తప్పు సెట్టింగుతో నడిస్తే తప్పు బరువుతో బిల్లు పోతుంది. అక్కడ ఆగడమే మేలు, ఆ పది నిమిషాలు లారీ నిలబడుతుంది, అంతే. గుంట దగ్గర ఆ పది నిమిషాలు గంటలైతే రొయ్యలు నిలబడవు.

కాబట్టి ప్రాణం ఉన్నచోట రెండు ఏర్పాట్లు చేయండి. మొదటిది కోడులో కాదు, తీగల్లో. ఏరియేటర్ స్టార్టర్‌ను రిలేలోని నార్మల్లీ క్లోజ్డ్ (రిలేకు కరెంటు అందనప్పుడు కలిసే ఉండే) కాంటాక్టుకు కలపమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. కంప్యూటర్ చచ్చిపోయినా, ప్రోగ్రామ్ లేవకపోయినా ఏరియేటర్ తిరుగుతూనే ఉంటుంది. దాన్ని ఆపడానికే ప్రోగ్రామ్ కావాలి. అన్ని మోటార్లూ ఒకేసారి లేస్తే జనరేటర్ మీద భారం పడుతుంది గనక స్టార్టర్లకు ఒక్కోదానికి ఒక్కో ఆలస్యం ఉండేలా టైమర్లు పెట్టించండి.

రెండోది, చివరిసారి బాగా నడిచిన ఫైలు కాపీ. పరీక్షలన్నీ దాటి, సెన్సర్ విలువలు వచ్చి, ప్రోగ్రామ్ కొంతసేపు సరిగ్గా నడిచాక అప్పటి సెట్టింగులను పక్కన దాచండి. మొదలవగానే దాచేయకండి, పరీక్ష దాటిన చెడ్డ విలువలు కూడా ఉంటాయి. కొత్త ఫైలు తప్పయితే ఆ కాపీతో లేవండి, కానీ గట్టిగా అరవండి: తెర మీద ఎర్ర పట్టీ, ఫోనుకు కబురు, ఆ కాపీ ఏ తేదీదో. పంట మారి గుంటల అమరిక మారిపోతే పాత కాపీ పనికిరాదు. ఫైల్లో పంట ముగిసే తేదీ ఒకటి పెట్టుకుని, ఆ తేదీ దాటిపోయిన కాపీని వాడకండి.

లేవడంలోనే పడిపోయే ప్రోగ్రామ్ ఎంత దూరం తీసుకెళ్తుందో 2024 జులై 19న లోకమంతా చూసింది. కంప్యూటర్ భద్రత కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక డేటా ఫైలు 21వ విలువను చూడమంది, చదివే కోడు దగ్గర 20 మాత్రమే ఉన్నాయి, లెక్క సరిచూసే వరుస లేదు. దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. చాలా యంత్రాలు లేస్తూనే పడిపోతుండడంతో మనుషులే వాటి దగ్గరికి వెళ్లి ఆ ఫైలు తీసేయాల్సి వచ్చింది.

ఏడో పని: పరీక్షను దిద్దే వేళకు తీసుకురావడం

ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌కు, దూరం నుంచి లాగిన్ అయ్యేందుకు వాడే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌కు ఫైలును పరీక్షించి మాత్రమే ఊరుకునే ఆజ్ఞ ఉంది. లినక్స్‌లో అడ్మిన్ అధికారాలిచ్చే సుడో సెట్టింగులు దిద్దే విసుడో అయితే తప్పు ఫైలును సేవ్ చేసేముందే హెచ్చరిస్తుంది. మీ ప్రోగ్రాముకు కూడా "పరీక్ష మాత్రమే" అనే ఆప్షన్ పెట్టండి. మొదలయ్యేటప్పుడు వాడే ఫంక్షన్లనే అది వాడాలి. విడిగా ఇంకో పరీక్ష రాస్తే ఆరు నెలల్లో రెండూ రెండు దారులు పడతాయి.

తర్వాత యజమాని నేరుగా అసలు ఫైలు తెరిచే అవసరం లేకుండా డెస్క్‌టాప్ మీద ఒక బటన్ ఇవ్వండి. అది కాపీ తెరుస్తుంది, దిద్దాక పరీక్షిస్తుంది, సరైతేనే అసలు దాని స్థానంలో పెడుతుంది. పెట్టేటప్పుడు అదే ఫోల్డర్‌లో తాత్కాలిక ఫైలుగా రాసి, డిస్కు మీదికి చేరేలా ఎఫ్‌సింక్ చేసి, ఆపైన పేరు మార్చండి. మధ్యలో కరెంటు పోయినా పాతదో కొత్తదో ఒకటి పూర్తిగా ఉంటుంది. మార్చిన వెంటనే సర్వీసును మళ్లీ మొదలుపెట్టండి. తప్పేమైనా ఉంటే పట్టపగలు, దిద్దిన మనిషి ఎదురుగానే బయటపడుతుంది.

ఇదంతా పనిచేస్తోందో లేదో చూడడానికి చెడ్డ ఫైళ్ల ఫోల్డర్ ఒకటి పెంచండి: ఖాళీది, సగంలో తెగింది, వంపు కొటేషన్లది, నాన్ ఉన్నది, రెండు గుంటలకు ఒకే రిలే ఉన్నది. ఫీల్డులో కొత్త తప్పు దొరికినప్పుడల్లా ఆ ఫైలును పాస్‌వర్డులు తీసేసి ఇందులో వేయండి. కోడు మార్చిన ప్రతిసారీ వీటన్నిటితో మొదలుపెట్టి చూడాలి. దాచిన కాపీ లేనప్పుడు ఎగ్జిట్ కోడు 78 వచ్చిందా, సందేశంలో గుంట పేరు ఉందా, ట్రేస్‌బ్యాక్ తెర మీదికి జారలేదా అన్నవి టెస్టులే సరిచూస్తాయి.

తీగల వైపు పరీక్షకు మాత్రం పంట తీసేసి గుంటలు ఎండబెట్టిన రోజులు చూసుకోండి. చెడ్డ ఫైలు పెట్టి మెయిన్ స్విచ్ దించి, మళ్లీ ఎత్తండి. మోటారుకు కరెంటు ఇచ్చే కాంటాక్టరు కలిసిందా, ఫోనుకు కబురు వచ్చిందా, తెర మీది సందేశం చదివి కాపలా మనిషి ఏ గుంటలో ఏం దిద్దాలో మిమ్మల్ని అడగకుండా చెప్పగలిగాడా అన్నవి చూడండి. అతను చెప్పలేకపోతే ఆ సందేశాన్ని అక్కడే, అతని మాటల్లోకి మార్చండి.